దద్దుర్లకు మాత్ర పనిచేయట్లేదా? మాత్ర మార్చే ముందు ఇవి చూడండి

సాయంత్రం అయ్యేసరికి బెల్టు నొక్కిన చోట దురద. గోకితే గీతలు గీతలుగా పొంగుతుంది. తెల్లారేసరికి అక్కడ ఏమీ ఉండదు, తొడల మీద కొత్తవి లేస్తాయి. ఇది ఆరు వారాలు దాటితే దీర్ఘకాలిక అర్టికేరియా. నేను దీంతో మూడేళ్లు కాపురం చేశాను, నాలుగు రకాల మాత్రలు మార్చాను. తప్పు చాలాసార్లు మాత్రది కాదు.

సమస్య: వేసుకున్న రోజు బాగుంటుంది, మర్నాడు మళ్లీ మొదలు.
కారణం: దురద పుట్టాక మాత్ర వెతుక్కోవడం. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసినవాడిదే సీటు. దద్దుర్లు, దురద రేపే ఒంట్లోని రసాయనం హిస్టమిన్. అది వచ్చి కూర్చునే చోట, దాన్ని అడ్డుకునే మాత్ర యాంటీహిస్టమిన్ ముందే కర్చీఫ్ వేసి ఉండాలి. పొంగిపోయిన దద్దును ఈ మాత్ర వెనక్కి లాగలేదు.
పరిష్కారం: దద్దుర్లు లేని రోజైనా సరే, రోజూ ఒకే వేళకు వేసుకోండి. రెండు నుంచి నాలుగు వారాలు చూశాకే అది పనిచేసిందో లేదో తేల్చండి.

సమస్య: దురద తగ్గింది, మత్తు వదలదు.
కారణం: అవిల్, హైడ్రాక్సిజిన్ లాంటి పాత మందులు మెదడులోకి వెళతాయి. రాత్రి వేసుకున్నా పొద్దున బండి మీద కళ్లు మూతలు పడతాయి. కొత్త వాటిలోనూ తేడాలున్నాయి. సెటిరిజిన్ 10 మి.గ్రా., లెవోసెటిరిజిన్ 5 మి.గ్రా. కొందరిని బాగానే నిద్రపుచ్చుతాయి. ఫెక్సోఫెనడిన్ 180, బిలాస్టిన్ 20 ఇచ్చే మత్తు చాలా తక్కువ.
పరిష్కారం: డ్రైవింగ్, మెషీన్ల పని ఉన్నవాళ్లు ఈ చివరి రెండింటి గురించి డాక్టరును అడగండి.

సమస్య: మారాక మత్తు పోయింది, దద్దుర్లు తిరిగొచ్చాయి.
కారణం: నా విషయంలో ఇడ్లీ ప్లేటు! బిలాస్టిన్‌ను టిఫిన్‌తో కలిపి మింగేవాణ్ని. తిండి ఉంటే అది ఒంటికి సరిగా పట్టదు. ఫెక్సోఫెనడిన్‌కు ఆరెంజ్, ఆపిల్ జ్యూస్‌లు అడ్డు, గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ సిరప్ కూడా.
పరిష్కారం: బిలాస్టిన్ తినడానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత. ఏదైనా మంచినీళ్లతోనే.

సమస్య: అన్నీ సరిగ్గా చేసినా లొంగట్లేదు.
పరిష్కారం: రెండు మూడు రకాలు కలపడం కంటే ఒకే కొత్త తరం మాత్ర డోసు పెంచడం మేలు. అంతర్జాతీయ మార్గదర్శకాలు నాలుగు రెట్ల వరకు అనుమతిస్తాయి. కానీ అది డాక్టరు చేతిలోని పని. కిడ్నీ జబ్బు ఉంటే సెటిరిజిన్‌ను పెంచడం కాదు, తగ్గించాలి. అప్పటికీ వినకపోతే నాలుగు వారాలకోసారి ఒమాలిజుమాబ్ 300 మి.గ్రా. ఇంజెక్షన్ ఉంది, ఖరీదు ఎక్కువ. స్టెరాయిడ్ ఒక్కరోజులో మాయ చేస్తుంది, ఆపగానే దద్దుర్లు మళ్లీ లేస్తాయి. స్టెరాయిడ్లను నెలల తరబడి మింగితే షుగరు, బీపీ అదనం.

సమస్య: అదుపులో ఉన్నవి ఉన్నట్టుండి చెలరేగాయి.
కారణం: అందరూ వంకాయ మీద, గోంగూర మీద పడతారు. నెలల తరబడి ఉండే దద్దుర్లకు తిండి కారణమవడం అరుదు. ముందు నొప్పి మాత్రలు చూడండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కొందరికి వీటిని రేపుతాయి. గుండెకు రాసిన ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు.

సమస్య: దద్దుర్లు లేవు, పెదవులు, నాలుక ఉబ్బుతున్నాయి.
కారణం: బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ కావచ్చు. ఆ వాపు యాంటీహిస్టమిన్‌కు లొంగదు. డాక్టరును వెంటనే కలవండి. కారణం ఏదైనా గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి, మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు.

సమస్య: దద్దు పోవడం లేదు, దురద కంటే మంట ఎక్కువ.
పరిష్కారం: బాల్‌పెన్‌తో దద్దు అంచు చుట్టూ గీత గీసి, పక్కన టైము రాసుకోండి. 24 గంటల తర్వాత కూడా గీత లోపల అదే దద్దు ఉంటే, లేదా కమిలిన మచ్చ మిగిలితే అది రక్తనాళాల వాపు కావచ్చు. చిన్న చర్మం ముక్క తీసి చేసే పరీక్షతో (స్కిన్ బయాప్సీ) తేలుతుంది. ఆ గీత చెరిపేయకుండానే డాక్టరుకు చూపించండి.