బీరువా సర్దుతూ పాత చీరలతో బొంత కుట్టుకోవడం

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు కదా, మా ఇంట్లో ఆ మర్నాటి నుంచే దుప్పట్లు, స్వెట్టర్లు ఉతికి అటకెక్కించి బీరువా తలుపులు బార్లా తెరుస్తాం. ఉగాదికి ఇంకా నెల ఉంటుంది, ఎండ కాస్తుంది కానీ మండదు, బట్టలు తిరగేసి సర్దుకోవడానికి ఇంతకంటే మంచి రోజులు దొరకవు.

ఒక్కరోజులో మొత్తం కిందికి లాగకండి. మంచం నిండా బట్టలు పడతాయి, సాయంత్రానికి ఓపిక అయిపోతుంది, చివరికి అన్నీ మళ్ళీ కుక్కేసి తలుపు మూసేస్తాం. రోజుకో అర చాలు. ఖాళీ చేసి, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరేదాకా తలుపు తెరిచే ఉంచండి. పట్టుచీరల కింద న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది, ఉతికిన పాత పంచె ముక్క పరవండి.

ఏడాదిగా కట్టలేదు కాబట్టి తీసేయాలి అనే లెక్క చీరలకు పనికిరాదు. పెళ్ళి పట్టుచీర ఏడాదికి ఒక్కసారైనా కడతామా? నేను చూసేది గుడ్డలో బలం ఎంత మిగిలిందని. చీరను కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి, కుచ్చిళ్ళు దోపే చోట, ఫాల్ కుట్టిన చోట పోగులు పలచబడి వెలుతురు కనిపిస్తుంది, కొంగు వైపు మాత్రం చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. పట్టుచీరైతే మడతల దగ్గర చూడాలి, రెండు చేతుల బొటనవేళ్ళతో పట్టి మెల్లగా లాగితే చర్రుమని విడిపోతోందంటే ఆ చీర ఇక కట్టడానికి పనికిరాదు. కట్టుకోగలిగినవి కట్టుకునేవాళ్ళకే ఇవ్వండి, చిరిగినవి ఎవరికీ ఇవ్వకండి, అది మర్యాద కాదు. మనం కుట్టుకోవాల్సినవి ఆ చిరిగినవే.

పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళు వీధిలోకి వస్తే కొంచెం ఆగి ఆలోచించండి. పాతికేళ్ళ కిందటి మా అమ్మమ్మ గద్వాల చీరను నేను అలాగే ఒక డబ్బాకి ఇచ్చేశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. గద్వాల చీర ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, నేతలోనే రెండింటినీ కలుపుతారు. అందుకని నూలు చిరిగినా అంచు చెక్కుచెదరదు. ఆ అంచును విప్పి ఉంటే ఈ రోజు రెండు దిండు గలేబులకు, ఒక సాదా నూలు చీరకు సరిపోయేది. పాత పట్టుచీర జరీ పోగును గోటితో గీకి చూడండి, లోపల ఎర్రటి పట్టుపోగు కనిపిస్తే అసలు వెండి జరీ అయ్యే అవకాశం ఎక్కువ, అలాంటిది అమ్మేముందు రెండు మూడు చోట్ల ధర అడగండి.

చిన్నపిల్ల ఉన్న ఇంట్లో మడతల దగ్గర చిరిగిన పట్టుచీరకు పరికిణీయే మంచి దారి. చిరుగులు వదిలేసి మూడు మీటర్ల మంచి ముక్క దొరికితే ఐదారేళ్ళ పాపకు కుచ్చులతో సహా సరిపోతుంది. అంచు కిందికి వచ్చేలా కత్తిరించి, లోపల నూలు లైనింగ్ వేయించి, నాలుగు అంగుళాల మడత లోపలికి పెట్టి కుట్టమని టైలర్‌కి చెప్పండి, పాప పొడుగయ్యేకొద్దీ ఏడాదికి కాస్త విప్పుకోవచ్చు. మా అమ్మ వాళ్ళ కాలంలో అందరికీ ఇలాగే కుట్టేవాళ్ళు.

పేరంటాల్లో తాంబూలంతో పాటు వచ్చిన జాకెట్టు ముక్కలు ఎవరి బీరువాలోనైనా ఒక కట్ట ఉంటాయి. వాటిలో నూలువి ఏరి ఒక్కో ముక్కతో బొందు సంచి కుట్టండి. పైన రెండు వేళ్ళ వెడల్పున మడిచి కుట్టి అందులో తాడు దూర్చడమే, ఒక్కోదానికి అరగంట. సంక్రాంతి పేరంటానికి పసుపు కుంకుమలు వీటిలో పెట్టి ఇస్తే ప్లాస్టిక్ కవర్ల అవసరమే ఉండదు.

ఇక అన్నిటికంటే నాకిష్టమైన పని, బొంత. మెత్తబడిన నూలు చీరలు మూడు కావాలి. సిల్కూ పాలియెస్టరూ కలపకండి, జారిపోతాయి, పైగా పాలియెస్టర్ చెమట పీల్చదు. ఫాల్ విప్పేసి, జరీ అంచు ఉంటే కత్తిరించేయండి, ఒంటికి గుచ్చుకుంటుంది. గంజి పూర్తిగా పోయేలా ఉతికి ఎండలో ఆరేయండి. అయిదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే సుమారు రెండుముప్పావు మీటర్ల పొడవు, చీర పన్నా అంత వెడల్పు వస్తుంది, అంటే ఒక మనిషి హాయిగా కప్పుకోవచ్చు. రెండు చీరల్ని అలా మడిచి ఒకదానిమీద ఒకటి పరిచి, మూడోది, రంగు బాగున్నది, పైనా కిందా వచ్చేలా వాటి చుట్టూ మడవండి. మొత్తం ఆరు పొరలు. పలచబడిన చోట్లన్నీ ఒకేచోటికి రాకుండా చూసుకోండి, చిరుగు ఉంటే అదే చీర ముక్కతో ముందే అతుకు వేయండి.

నేల మీదే పరవాలి, మంచం మీద కుదరదు. నాలుగు మూలలా బరువులు పెట్టి, అరచేత్తో మధ్యలోంచి అంచులకు నిమరండి, ముడతలు బయటికి పోతాయి. పెద్ద పెద్ద టాకాలు కూడా మధ్యలోంచే మొదలుపెట్టండి. అంచుల నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో పోగై ఉబ్బిపోతుంది, నా మొదటి బొంత అలాగే పాడైంది, మొత్తం విప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత నాలుగు వైపులా లోపలికి మడిచి కుట్టేసి, ఒక చివర నుంచి వేలెడు ఎడంతో వరసలు వేసుకుంటూ పోవడమే. మిషన్ దారం ఒంటి పేట తెగిపోతుంది, రెండు పేటలు వేసుకోండి, లేదా ఎంబ్రాయిడరీకి వాడే నూలు దారం తీసుకోండి. సూది పొడవుగా, సన్నగా ఉండాలి, దబ్బనం వాడితే రంధ్రాలు పడి పాత గుడ్డ చిరుగుతుంది. కుట్టు మరీ సమంగా రావాలని టెన్షన్ పడకండి, ఉతికిన తర్వాత గుడ్డ కొంచెం ముడుచుకుని వచ్చే ఆ గరగరలోనే బొంత అందం ఉంది. రోజుకో గంట కూర్చుంటే ఉగాది దాటాక కొన్నాళ్ళకు పూర్తవుతుంది, అమ్మో అత్తగారో పక్కన కూర్చుని రెండో చివర నుంచి మొదలుపెడితే ఇంకా ముందే.

పసిపాపకైతే ఒక్క చీర చాలు, నాలుగు పొరలుగా మడిచి చిన్నగా కుట్టండి.

కుట్టడం సాగుతుండగానే మిగతా చీరలు లోపల పెట్టేయండి. నూలు చీరలు గంజితో దాచకండి, గంజికి పురుగు వస్తుంది, కట్టుకునే ముందు పెట్టుకోవచ్చు. పట్టుచీరలు నీడలో గాలికి వేసి, పాత మడత మీద కాకుండా కొత్త మడత వేసి, తెల్ల నూలు గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది, పసిపిల్లల బట్టల దగ్గరైతే అసలే వద్దు. ఎండిన వేపాకు, నాలుగు లవంగాలు గుడ్డలో మూటకట్టి మూలన పెడితే చాలు, రెండు మూడు నెలలకోసారి మార్చండి.

బొంత మొదటి ఉతుకు మాత్రం చేత్తోనే. నీళ్ళు పీల్చాక బాగా బరువెక్కుతుంది, ఇద్దరు చెరో వైపు పట్టుకుని పిండాలి. దండెం మీద వేస్తే ఆ బరువుకి సాగిపోతుంది, డాబా పిట్టగోడ శుభ్రంగా తుడిచి దానిమీద పరిచి, మధ్యాహ్నానికి ఒకసారి తిరగేయండి.