రోజుకి రోంత – పాఠం 3: పాలు పొంగేలోపు కుర్చీ

పాఠం 2లో చెప్పిన ఐదు నిమిషాల నడక ఎంతమంది చేసినారో గానీ, మా వీధిలో ఒకాయన మొదటి రోజే గంటన్నర నడిచేసి మూడో రోజుకి దుప్పటి ముసుగేసినాడు. అందుకే కదబ్బా రోంతే చెయ్యమనేది. ఈ పాఠం కాళ్లకి. కుర్చీలో కూర్చోని లేవడం, అంతే, నవ్వకండి.

ముందు కాళ్లే ఎందుకంటే నా సంగతి చెప్తాను. తిరుపతిలో పుట్టి పెరిగి కూడా కొండకి ఎప్పుడూ బస్సులోనే పోయేవాణ్ణి, ఒకసారి చుట్టాలొచ్చి నడిచి పోదాం అంటే నాకేం తక్కువ అని బయల్దేరినాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా చెమట, ఆయాసం, తర్వాత దారి రోంత చదునుగా ఉంటుంది కదా, జింకల్ని చూసుకుంటా హాయిగా పోయినాను, మోకాళ్ల మెట్టు దగ్గరికొచ్చేసరికి తొడలు గజగజ. సరే, ఎట్లో ఎక్కేసినాను. అసలు తప్పు ఏంటంటే దిగడం కూడా నడిచే దిగినాను. మర్నాడు బాగానే ఉంది, ఆ మర్నాడు మాత్రం మా ఇంటి మేడ మెట్లు గోడ పట్టుకోని వెనక్కి తిరిగి దిగినాను, మా పాప వీడియో కూడా తీసింది.

ఎక్కేటప్పుడు ఊపిరికి కష్టం, దిగేటప్పుడు కండకి కష్టం. దిగే ప్రతి మెట్టుకీ తొడ ముందు కండ సాగుతానే ఒంటి బరువుని ఆపాల, బ్రేకు తొక్కినట్టు. అలవాటు లేని కండకి ఆ పని పడితే నొప్పి అప్పుడే తెలీదు, ఒకటి రెండు రోజులాగి తెలుస్తుంది. కాబట్టి కుర్చీలో కూడా లేవడం కన్నా నిదానంగా కూర్చోవడం మీదే ధ్యాస పెట్టండి.

ప్లాస్టిక్ కుర్చీ అయితే గోడకి ఆనించి పెట్టండి, టైల్స్ మీద జారుతుంది, నేను పడినాను కాబట్టి చెప్తున్నా. ముందంచున కూర్చోండి, పాదాలు భుజాలంత ఎడం, మడమలు మోకాళ్ల కన్నా రోంత వెనక్కి. ముక్కు కాలివేళ్ల పైకి వచ్చేదాకా ముందుకి వంగి, మడమలతో నేలని తొక్కి, ఊపిరి వదులుతా లేవండి. మోకాళ్లు లోపలికి వాలకూడదు. కూర్చునేటప్పుడు మనసులో గోవిందా, గోవిందా, గోవిందా అని మూడుసార్లు అనుకోండి, మూడోది అయ్యేసరికి కుర్చీ తగలాల. దబ్బుమని కూలబడింది లెక్కలోకి రాదు. కష్టంగా ఉంటే కుర్చీ మీద గట్టి దిండు వెయ్యండి, ఎత్తు పెరిగితే మోకాలికి పని తగ్గుతుంది. తేలికయ్యాక చేతులు ఎదమీద కట్టుకోండి. మొదటి వారం ఐదుసార్లు, రెండో వారం ఏడు, మూడో వారం పది. మోకాలు వాచి ఉన్నా, గుండె జబ్బు ఉన్నా, లేస్తే కళ్లు తిరుగుతున్నా ముందు డాక్టర్ని అడగండి.

ఇంక టైం. వీలైనప్పుడు చేద్దాంలే అనుకున్నారో, అయిపోయింది. రోజూ ఎట్లా తప్పని పనికి దీన్ని ముడేయాల. పాల ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోసి స్టవ్ వెలిగించినారా, ఆ టిక్కుమన్న చప్పుడే మీకు బెల్లు. పాలు పొంగేలోపు ఐదుసార్లు తీరిగ్గా అయిపోతుంది, పైగా పాలు పొంగిపోకుండా కాపలా కూడా. పాలు పెట్టేది మీ ఆవిడ కదా అంటారేమో, రేపట్నించి మీరు పెట్టండి, దానికి వేరే పాఠం రాయను.

21 రోజులు చేస్తే అలవాటైపోతుంది అని అందరూ అంటా ఉంటారు, దాన్ని నమ్ముకోకండి. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని 12 వారాలు గమనించి 2010లో అచ్చేసిన లెక్క ప్రకారం, చెయ్యాలని గుర్తు చేసుకోకుండానే చేసేసే స్థితికి మధ్యరకంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 దాకా పట్టొచ్చని అంచనా కట్టినారు. నాకు నచ్చింది ఏంటంటే మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదంట. కాబట్టి పెళ్లికో జాతరకో పోయి ఒక రోజు తప్పితే ఏడవొద్దు. రెండో రోజు తప్పకుండా చూసుకోండి చాలు. చేసిన రోజు గోడ క్యాలెండర్లో సున్నా చుట్టండి, ఫోన్లో యాప్ వద్దు, యాప్ కోసం ఫోన్ తీస్తే పాలు పొంగుతాయి.

ఈ పాఠాలన్నీ అయ్యేలోపు మనం పోవాల్సింది శ్రీవారి మెట్టు, అంటే కొండకి పోయే ఇంకో నడకదారి, 2.1 కిలోమీటర్లే గానీ 2,388 మెట్లు, నిలువుగా ఉంటాయి. దిగేది మాత్రం బస్సులోనే.

వచ్చే పాఠం పిక్కలకి, మెట్టు అంచున నిలబడి చేసేది, మేడ మెట్లు లేనోళ్లు గడప దగ్గర చేద్దురు. అంతలోపు ఆ కుర్చీని వంటింట్లోనే ఉండనీండి, హాల్లోకి తెచ్చినారంటే దాని మీద బట్టలు పడతాయి.