పాత ట్రావెల్ ట్రైలర్‌లో వంటింటి సింకు: లీకులు, వాసన, పనిచేయని పంపు

అమెరికాలో 1950, 60ల నాటి షాస్టా, సెర్రో స్కాటీ కంపెనీల చిన్న ట్రైలర్లను (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇళ్లను) కొని బాగుచేసుకునేవాళ్లు సింకు పనిలో చేసే ప్రధానమైన పొరపాటు, దాన్ని ఇంటి సింకులాగే బిగించడం. ట్రైలర్ రోడ్డెక్కాక ప్రతి గుంతకీ కౌంటరు ఒకవైపు, పైపు మరోవైపు ఊగుతాయి. కింది తంటాల్లో చాలావాటికి మూలం ఆ ఊపే.

అల్మరాలో తడి, ఎక్కడినుంచో తెలియదు

చుక్క పడ్డచోటే లోపం ఉందనుకోవద్దు. నీరు ప్లైవుడ్ అడుగున పాకి, అడుగు దూరం వెళ్లి కారుతుంది. అల్మరాలో పొడి పేపర్ టవల్ పరిచి వరసగా చూడండి. మొదట సింకు అడుగున నీరు పోయే జాలీకి మూతపెట్టి సింకు సగం నింపి పావుగంట ఆగండి. తడి కనిపిస్తే లోపం జాలీలో. కనిపించకపోతే మూత తీసి నీళ్లన్నీ ఒకేసారి వదలండి. అప్పుడు తడిస్తే కింది పైపుల్లో. అదీ కాకపోతే సింకు అంచు చుట్టూ, చివరగా కుళాయి మొదట్లో కొద్దికొద్దిగా పోయండి. నిలబెట్టిన ట్రైలర్‌లో ఏమీ తేలకపోతే ఇరవై మైళ్లు లాగి తెచ్చి మళ్లీ పరీక్షించండి.

అంచు పక్కన లామినేట్ (కౌంటరు పైపొర) ఉబ్బింది

అంచు కింద నీరు దిగకుండా ప్లంబర్ పుట్టీ (మెత్తటి ముద్ద) వాడి ఉంటారు. అది ఎండి, పగిలి, ఊపుకి పొడిగా రాలుతుంది. ఆ సందులోంచి దిగిన నీటిని కోసిన ప్లైవుడ్ అంచు పీల్చుకుంటుంది. సింకు తీసేసి స్క్రూడ్రైవర్‌తో చెక్కని పొడవండి. దిగిపోతే కుళ్లిందన్నమాట, ఆ ముక్క కోసి మార్చాల్సిందే. గట్టిగా ఉండి తడి మాత్రమే ఉంటే ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరనిచ్చి, కోత అంచుకి పల్చటి ఎపాక్సీ రెండు పూతలు వేయండి. కొత్తగా కోసిన రంధ్రానికి ఈ పూత ముందే వేస్తే ఈ సమస్యే రాదు. లేచిన లామినేట్‌ను కాంటాక్ట్ సిమెంట్‌తో అతికించండి: రెండు ముఖాలకీ పూసి, వేలికి అంటనంత ఆరాకే నొక్కాలి.

తిరిగి బిగించేటప్పుడు పల్చటి స్టీలు అంచుకి సిలికాన్ వాడండి. చుట్టూ లోహపు పట్టీతో వచ్చే పాత ఎనామెల్ సింకుకి బ్యుటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ) నయం. ఎప్పుడైనా తీయాల్సివస్తే ఎనామెల్ పెచ్చులూడదు.

సింకు కదులుతోంది, క్లిప్పులు పట్టడం లేదు

సింకుని అడుగునుంచి కౌంటరుకి పట్టి ఉంచే ఇప్పటి క్లిప్పులు ముప్పావు అంగుళం మందానికి తగ్గట్టు వస్తాయి. పాత ట్రైలర్ కౌంటరు కొన్నిసార్లు అంతకంటే పల్చన. రంధ్రం చుట్టూ అడుగున చెక్క పట్టీలు జిగురు, స్క్రూలతో బిగించి మందం పెంచండి. స్క్రూ పొడవు ముందే కొలుచుకోండి, లేదంటే మొన లామినేట్‌లోంచి పైకి తేలుతుంది. క్లిప్పుల్ని డ్రిల్లుతో కాకుండా చేత్తో, ఎదురెదురు జతలుగా, మూడు విడతల్లో బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే అంచు అలలా లేచి సీలు పోతుంది.

ఇంకోటి. రంధ్రం కోసేముందు కింద స్టవ్‌కి వెళ్లే గ్యాస్ రాగి గొట్టం, కరెంటు తీగ ఎటు వెళ్తున్నాయో చేత్తో తడిమి మరీ చూడండి.

జాలీ ప్రతి ప్రయాణం తర్వాత వదులవుతోంది

కింద బరువైన పైపు వేలాడుతూ ఊగడమే కారణం. నట్టును మళ్లీ మళ్లీ బిగిస్తే రబ్బరు వాషర్ నలిగిపోతుంది తప్ప లాభం లేదు. పైపుని జాలీకి దగ్గరగా అల్మరా గోడకి పట్టీతో కట్టి, వాషర్ మార్చండి. కొనేముందు కన్నం కొలవండి: ఇంటి జాలీ మూడున్నర అంగుళాలు, చిన్న ట్రైలర్ సింకుల్లో చాలావాటికి రెండంగుళాలే.

గుడగుడ చప్పుడు, మురుగు వాసన

ఈ ట్రైలర్లలో మురుగు ట్యాంకు ఉండేది కాదు, పైపు నేరుగా నేల కిందికి దిగేది. ఇప్పుడు క్యాంపు స్థలాల్లో అలా వదలనివ్వరు కాబట్టి చక్రాల ట్యాంకుకి కలుపుతారు, దాంతో వాసన పైకి ఎగబాకుతుంది. నీటిని నిలిపి వాసనని ఆపే వంపు పైపు సింకు కింద ఉన్నా, ఊపుకి అందులోని నీరు చిందిపోవచ్చు, లేదా గాలిదారి లేక నీళ్లు వదిలిన ప్రతిసారీ వంపులోని నీటినీ లాగేయవచ్చు. గుడగుడ వినిపిస్తే రెండోదే. వంపు తర్వాత, అడ్డపైపుకి కనీసం 4 అంగుళాల ఎత్తున, గాలిని లోపలికి మాత్రమే వదిలే కవాటం పెట్టండి. చోటు ఇరుకైతే వంపు తీసేసి హెప్‌వో కవాటం వేయడం మేలు. దానిలో నీటి అడ్డు ఉండదు, సిలికాన్ పొరే మూసుకుంటుంది. అయితే జిడ్డు పేరుకుంటే ఆ పొర సరిగా మూసుకోదు. పైపుకి ప్రతి అడుగు పొడవుకీ పావు అంగుళం వాటం ఉండాలి, ట్రైలర్‌ను సమంగా నిలబెట్టాకే దాన్ని కొలవాలి.

చేతిపంపు కొట్టినా నీళ్లు రావు

పంపు పీల్చే వైపు పొట్టి గొట్టం తగిలించి బకెట్‌లో ముంచండి. నీళ్లొస్తే పంపు మంచిదే, లోపం ట్యాంకు గొట్టంలో ఉంది: హోస్ క్లిప్పు వదులై గాలి పీలుస్తోంది, లేదా పల్చటి గొట్టం లోపలికి నొక్కుకుపోతోంది. దారం అల్లిన గొట్టం వేయండి. పంపు కొట్టేకొద్దీ బిగుసుకుపోతే ట్యాంకు గాలికన్నం మూసుకుపోయినట్టే. బకెట్‌లోంచీ రాకపోతే లోపలి వాషర్ ఎండిపోయిందో, కవాటంలో నలక ఇరుక్కుందో చూడాలి. పాత ఇత్తడి పంపులో సీసం ఉండే అవకాశం ఉంది. తాగడానికి 2014 తర్వాత తయారైన, సీసం లేని కుళాయి వేరుగా పెట్టుకోండి.

క్యాంపు నీళ్లు కలిపితేనే కారుతోంది

పీడనం ఎక్కువ. 40 నుంచి 50 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌన్లు) తగ్గించే రెగ్యులేటర్‌ను ట్రైలర్ దగ్గర కాక, క్యాంపు కుళాయి దగ్గరే పెట్టండి. అప్పుడు గొట్టం కూడా పగలదు.

చలికాలం వెళ్లాక పంపు పగిలింది

లోపల మిగిలిన నీరు గడ్డకట్టింది. శీతాకాలానికి ముందు నీరంతా వదిలి, ట్రైలర్ల కోసం అమ్మే గడ్డకట్టని గులాబీరంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవాన్ని పంపులోంచి వచ్చేదాకా కొట్టి, వంపు పైపులోనూ ఒక కప్పు పోయండి. కారు రేడియేటర్‌లో పోసేది మాత్రం వాడొద్దు, సాధారణంగా అందులో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ విషం.