ఉప్పునీళ్ళు గడ్డకడితే ఉప్పు ఎటు పోతుంది? మీ ఫ్రీజర్‌లోనే చూసేయండి

ధ్రువాల దగ్గర సముద్రంలో తేలే మంచంతా ఒకటే అనుకుంటాం గానీ, అందులో రెండు రకాలున్నాయి. ఏళ్ళ తరబడి నేల మీద కురిసి, పేరుకుని, గట్టిపడి, చివరికి సముద్రంలోకి విరిగిపడేది ఐస్‌బర్గ్, అదంతా మంచినీళ్ళే. సముద్రపు నీళ్ళే పైపైన గడ్డకడితే వచ్చేది రెండోది. ఇది అర్థం కావడానికి అంటార్కిటికా దాకా పోనక్కర్లేదు, తిరుపతి ఎండల్లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు, కరెంటు పోకుండా ఉంటే చాలు.

ముందు సముద్రపు నీళ్ళు చేసుకోండి. కిలో సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి లీటరు నీళ్ళకి అంతే మెత్తటి ఉప్పు వేసి కరిగించాలి, కాటా లేకపోతే టేబుల్ స్పూనుతో తలగొట్టి రెండు. బోరు నీళ్ళు వద్దు, వాటిలో ముందే లవణాలుంటాయి, క్యాన్ నీళ్ళు మేలు. తూపిలిపాలెం బీచ్‌కి పోయినప్పుడు సీసాలో నిజం సముద్రపు నీళ్ళే పట్టుకొచ్చినా సరే, కానీ వాటిని నోట్లో పెట్టకండి.

ఇప్పుడు అసలు కిటుకు. రెండు స్టీలు గిన్నెలు తీసుకుని ఒకదాంట్లో మంచినీళ్ళు, ఇంకోదాంట్లో ఉప్పునీళ్ళు పోసి, అడుగునా చుట్టూ మందపాటి టవల్ చుట్టేయండి, పైన మాత్రం తెరిచి ఫ్రీజర్‌లో ఉంచండి. ఉత్త గిన్నె పెట్టేస్తే అన్ని వైపుల నుంచీ గడ్డకట్టి ఉప్పంతా మధ్యలో ఇరుక్కుపోతుంది. సముద్రానికి చలి తగిలేది పైనుంచే కదా. కొన్ని గంటలాగి చూడండి. మంచినీళ్ళ గడ్డ గట్టిగా అద్దంలా ఉంటుంది. ఉప్పునీళ్ళు ఆలస్యంగా గడ్డకడతాయి, ఎందుకంటే వాటికి సున్నా డిగ్రీలు చాలదు, సుమారు మైనస్ 1.8 కావాలి. వేలెడు మందం పేరుకున్నాక ఆ పెచ్చుని పైకి తీసి గోటితో గీయండి, తెల్లగా పొడిపొడిగా రాలుతుంది. చల్లటి నీళ్ళతో గబుక్కున కడిగి నాలుక మీద పెట్టుకుని, తర్వాత గిన్నెలో మిగిలిన నీళ్ళు ఒక చుక్క రుచి చూడండి. మొహం చిట్లుతుంది.

మంచు స్ఫటికంలో ఉప్పుకి చోటు లేదు, అందుకే కిందికి నెట్టేస్తుంది. స్ఫటికాల మధ్య సన్నటి సందుల్లో చిక్కుకున్న కాస్త ఉప్పునీరే ఆ పెచ్చులో మిగిలే ఉప్పదనం. ఆర్కిటిక్‌లో కొన్ని వేసవులు దాటి నిలిచిన మంచులోంచి అది కూడా చాలావరకు కారిపోతుంది, పైభాగం కరిగించుకుని తాగొచ్చు. అంటార్కిటికా తీరంలోనైతే ఇలా వదిలేసిన ఉప్పు వల్ల బరువెక్కిన చల్లటి నీరు అడుగుకి దిగి, మహాసముద్రాల నేల వెంబడి ఎక్కడెక్కడికో పారుతుంది. మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రి వాళ్ళు 1989 నుంచీ అంటార్కిటికాలోనే ఉన్నా తాగే నీళ్ళకి సముద్రపు మంచు వెతుక్కునే బాధ పడరు, పక్కనే ప్రియదర్శిని అనే మంచినీటి చెరువుంది.

రెండో ప్రయోగం పిల్లలకి ఇంకా నచ్చుతుంది. కేసరిలో వేసే రంగు కలిపిన మంచినీళ్ళతో ఐస్ ముక్కలు చేసి, ఒకటి మామూలు నీళ్ళ గ్లాసులో, ఒకటి ఉప్పునీళ్ళ గ్లాసులో మెల్లగా వదలండి, కలపొద్దు. ఏది ముందు కరుగుతుందో పందెం కాయమంటే ఉప్పునీళ్ళే అంటారు, కుల్ఫీ బండి దగ్గర ఐస్‌లో ఉప్పు వేయడం చూసినవాళ్ళు మరీ గట్టిగా అంటారు. కానీ ముందు కరిగేది మామూలు నీళ్ళలోదే. అక్కడ కరిగిన చల్లటి నీరు దారాల్లా అడుగుకి జారుతుంటే గది వేడికున్న నీళ్ళు పైకొచ్చి ముక్కకి తగులుతుంటాయి. ఉప్పునీళ్ళలో కరిగిన మంచినీరు తేలిక కాబట్టి పైనే రంగు పొరగా నిలబడిపోతుంది, ముక్క ఆ చల్లటి పొరలోనే నానుతూ ఉంటుంది. ధ్రువ సముద్రాల్లో వేసవి మంచు కరిగినప్పుడు పైన ఏర్పడే తేలికపాటి నీటిపొర కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ గాలీ అలలూ దాన్ని కలిపేస్తుంటాయి. మీరూ చెంచాతో ఒక్కసారి తిప్పి చూడండి, ఆగిపోయినట్టున్న ముక్క చకచకా కరగడం మొదలెడుతుంది.