మాట రాకపోతే ఆగొద్దు: అనంతపురం నుంచి అమెరికా వెళ్తున్న తల్లులకు

"మీ మామ కూడా నాలుగేండ్లకు గానీ నోరు విప్పలేదమ్మా, వీడికేం తొందర?" అనంతపురం నుంచి మా అత్త ఫోన్లో ఆ మాట అనేసరికి నా ప్రాణం కుదుటపడింది. ఆ ధైర్యంతోనే ఐదు నెలలు పోగొట్టుకున్నాను. మావాడికి అప్పటికి 20 నెలలు. దాహమేస్తే అడగడు. నా వేలు పట్టుకుని ఫిల్టర్ దాకా లాక్కెళ్లి, నా చేతిని కుళాయి మీద పెట్టేవాడు. నా మొహం వంక చూసేవాడే కాదు.

అమెరికాలో మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదల వెనకబడితే చేయూతనిచ్చే ఏర్పాటు 1986 చట్టంతో వచ్చింది. ఎర్లీ ఇంటర్వెన్షన్ అంటారు. టెక్సాస్‌లో ఈసీఐ, కాలిఫోర్నియాలో ఎర్లీ స్టార్ట్. డాక్టరు చీటీ కోసం ఆగక్కర్లేదు, తల్లి ఫోన్ చేసినా చాలు. ఏ వీసా మీద ఉన్నా అడ్డు లేదు. పరీక్ష ఉచితం. కొన్ని రాష్ట్రాల్లో థెరపీకి ఆదాయాన్ని బట్టి ఫీజు ఉంటుంది, ముందే అడగండి. ఫోన్ చేసిన 45 రోజుల్లో పరీక్ష ముగించి, మీతో కూర్చుని ఐఎఫ్ఎస్‌పీ, అంటే పిల్లాడికీ ఇంటివాళ్లకూ ఏ సాయం ఇవ్వాలో చెప్పే ప్రణాళిక రాయాలి. కాబట్టి ఫోన్ చేసిన తేదీ క్యాలెండర్లో రాసుకోండి.

తెలుగు దుబాసీ కావాలని తప్పక అడగండి. నాకు ఇంగ్లీషు వచ్చు కదా అని నేను అడగలేదు. "ఎన్ని మాటలు వచ్చు?" అంటే సున్నా అన్నాను. "బువ్వ", "జేజి" లెక్కలోకి వస్తాయని తట్టలేదు. వస్తాయి.

థెరపిస్టు ఇంటికే వచ్చి నేలమీద కూర్చునేది. సబ్బు బుడగల సీసా మూత బిగించి వాడికిచ్చి, ఊరికే చూస్తూ ఉండేది. నేనైతే వెంటనే తీసిచ్చేదాన్ని. మూడోవారం వాడు సీసా ఆమె చేతిలో పెట్టి, మొదటిసారి కళ్లలోకి చూశాడు. ఇంట్లో తెలుగు మానొద్దని కూడా ఆమే చెప్పింది. రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందన్నది అపోహ.

మూడో పుట్టినరోజుతో ఈ సేవ మామూలుగా ఆగిపోతుంది, తర్వాత బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, అంటే మీ ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థది. ఈ మార్పు గురించి ఆ పుట్టినరోజుకు కనీసం 90 రోజుల ముందే సమావేశం జరగాలి. వాళ్లు పిలవకపోతే మీరే అడగండి.

వీసా ఆలస్యమైతే ఆ నెలలు వృథా చేయకండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను చూసే డీఈఐసీ, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో, ఇండియాలో ఉండగానే చూపించండి. వినికిడి పరీక్ష కూడా చేయించి, ఆ రిపోర్టు, టీకాల కార్డు పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.