అంగడి లెక్కలు - 4: టీ మీద బాడుగ వేయకండి

పోయిన పాఠం చివర ఇచ్చిన టీ అంగడి లెక్కకు మీరు పంపిన జవాబులన్నీ చదివాను. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక అంగడి, ఒకటే రకం టీ, ఒకటే ధర. నష్టం లేకుండా బయటపడాలంటే రోజుకు ఎన్ని టీలు అమ్మాలని అడిగితే కొందరు 70 అన్నారు, కొందరు 167 అన్నారు, కొందరు వెయ్యి దాటించారు. వెయ్యి అన్నవాళ్లే ఎక్కువ. ఈసారి టిఫిన్ హోటల్ లెక్క చెబుదామనుకున్నాను. దాన్ని చివరికి జరిపి, ముందు ఈ వెయ్యి సంగతి తేలుస్తాను.

లెక్క ఇది. నెలకు బాడుగ 9,000, పనబ్బాయి జీతం 12,000, కరెంటు 1,500, చిల్లర మల్లర 2,500. మొత్తం 25,000. ఇది కదలని ఖర్చు. టీ ఒక్కటి అమ్మినా, అమ్మకపోయినా కట్టాల్సిందే. ఒక టీకి పాలు 4 రూపాయలు, పొడి, చక్కెర కలిపి రూపాయిన్నర, గ్యాసు 75 పైసలు, కప్పు 75 పైసలు. మొత్తం 7. ఇది కదిలే ఖర్చు. అమ్మే ధర 12.

టీకి మిగిలేది 5 రూపాయలు. 25,000 రూపాయల గుంతను అయిదేసి రూపాయలతో పూడ్చాలి. 5,000 టీలు కావాలి. నెలకు 30 రోజులు తెరిస్తే రోజుకు 167. పాఠం మొత్తం ఇంతే. పుస్తకాల్లో దీన్ని లాభనష్టరహిత స్థానం అంటారు, నేను బ్రేక్ ఈవెన్ అనే రాస్తాను.

70 అన్నవాళ్లు 25,000ను 12తో భాగించారు. అంటే పాలు, చక్కెర ఊరికే వస్తున్నాయనుకున్నారు. తొందరపాటు, అంతే. ఒకసారి చెబితే దిద్దుకుంటారు.

వెయ్యి అన్నవాళ్లది అలాంటిది కాదు. వాళ్లు బాగా ఆలోచించి తప్పు చేశారు. నాకు ఒళ్లు మండేదీ దీనికే. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏ అంగట్లో కూర్చున్నా వినబడే మాట ఇది: ‘ఒక్కో టీ నాకు పదకొండు రూపాయలు పడతాది సార్.’ ఆ పదకొండు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. రోజుకు 200 టీలు పోతాయనుకున్నారు, నెలకు 6,000. బాడుగ, జీతం అన్నీ కలిపిన 25,000ను 6,000తో భాగిస్తే 4 రూపాయల 17 పైసలు. దాన్ని 7కు కలిపితే 11 రూపాయల 17 పైసలు. పన్నెండులోంచి తీసేస్తే మిగిలేది 83 పైసలు. ఇంతదాకా తప్పు లేదు. ఆ తర్వాత 25,000ను మళ్లీ ఈ 83 పైసలతో భాగించారు. ముప్పై వేల పైచిలుకు టీలు. రోజుకు వెయ్యి. బస్టాండులో దిగిన ప్రతివాడికీ గ్లాసు చేతిలో పెట్టినా తీరని లెక్క.

బాడుగను ఒకసారి టీ ధరలోంచి కోశారు. కోసిన తర్వాత మిగిలిన ముక్కతో మళ్లీ అదే బాడుగ కట్టమన్నారు. ఒకే అప్పును రెండుసార్లు తీర్చినట్టు. నిజానికి ఆ 83 పైసలు బాడుగ, జీతం అన్నీ పోగా చేతిలో పడే లాభం. నమ్మకం లేకపోతే ఇంకోవైపు నుంచి చూడండి. 6,000 టీలకు అయిదేసి రూపాయలు, 30,000. కదలని ఖర్చు 25,000 తీసేస్తే 5,000 లాభం. 83 పైసలను 6,000తో గుణించినా పైసల తేడాతో అదే వస్తుంది. నెలకు 5,000 మిగులుతున్న అంగడిని ‘ఇంకా ఎనిమిది వందల టీలు తక్కువ’ అని మూసుకోబోయారు!

దీనికి అడుగున ఇంకో చిక్కుంది. ఒక టీ మీద బాడుగ ఎంత పడుతుందో తెలియాలంటే ఎన్ని టీలు అమ్ముతామో ముందే తెలియాలి. మనం కనుక్కోవాలనుకున్నది అదే కదా. అమ్మకం తగ్గేకొద్దీ ఒక్కో టీ మీద పడే బాడుగ పెరుగుతుంది. 4,000 టీలకు టీకి 6 రూపాయల పావలా, అంటే టీ 13.25 పడినట్టు. 12కు అమ్మితే నష్టం అనుకుని ధర 14 చేస్తారు. గిరాకీ పక్క అంగడికి పోతుంది. అమ్మకం 3,000కు పడుతుంది. ఇప్పుడు టీ 15 రూపాయల 33 పైసలు పడుతుంది. మళ్లీ ధర పెంచుతారా? ఈ దారిలో పోయినవాళ్లు కడాకు షట్టర్ దించుతారు. పాల ధర పెరగలేదు, బాడుగ పెరగలేదు. పెరిగింది కాగితం మీది అంకె.

చేతికొచ్చిన బేరాన్ని కాలదన్నుకునేదీ దీంతోనే. పక్క కల్యాణమండపం వాళ్లు వచ్చి ‘రేపు సాయంత్రం 300 టీలు కావాలి, తొమ్మిది రూపాయల లెక్కన ఇస్తావా?’ అన్నారనుకోండి. పదకొండు పడుతుందనుకునేవాడు నవ్వి పంపేస్తాడు. కదిలే ఖర్చు 7 అని తెలిసినవాడు టీకి 2 రూపాయల చొప్పున 600 చూస్తాడు, ఆటోకు 150 పోయినా 450 మిగులు. రేపటి బాడుగ ఆ టీలు పోసినా అంతే, పోయకపోయినా అంతే. అయితే రోజూ వచ్చే గిరాకీకి తొమ్మిది రూపాయల మాట తెలియకూడదు, ఆ పూట అంగడి ముందు గిరాకీ వదులుకోకూడదు, కూలికి ఇంకో మనిషిని పెట్టుకోకూడదు. ఈ మూడింట్లో ఏది తప్పినా ఆ 450 కరిగిపోతుంది. రోజువారీ ధరే తొమ్మిది చేసుకుంటే మాత్రం రోజుకు 417 టీలు అమ్మాలి, అది వేరే కథ.

కాబట్టి నా పద్ధతి ఒకటే. నోటుపుస్తకంలో రెండు పేజీలు. ఎడమ పేజీలో నెల ఖర్చులు, కుడి పేజీలో ఒక్క టీ ఖర్చు. ఎడమ పేజీలోని రూపాయి కుడి పేజీలోకి దాటకూడదు. ఫోన్‌లో యాప్‌లున్నాయని కొందరు రాశారు. వాడుకోండి. నాకైతే 40 పేజీల నోటుపుస్తకం చాలు.

గ్యాసు ఎటువైపు అని చాలామంది అడిగారు. ‘నెలకు రెండు సిలిండర్లు ఖాయం, కాబట్టి కదలని ఖర్చు’ అని వాదించారు కూడా. కాదు. టీ పెట్టకపోతే గ్యాసు కాలదు. 19 కిలోల సిలిండర్ బిగించిన రోజు సుద్దముక్కతో గోడమీద తేదీ రాయండి. అయిపోయేదాకా రోజుకో చింతగింజల డబ్బా పెట్టుకుని, టీకో గింజ వేయండి. సిలిండర్ ధరను గింజలతో భాగిస్తే టీకి గ్యాసు ఎంతో తెలుస్తుంది. రాత్రి పారబోసిన టీకి గింజ వేయొద్దు. దాని గ్యాసు కూడా అమ్ముడైన టీల మీదే పడాలి.

మీ కూలి సంగతి. ఎవరూ రాయలేదు, ఒక్కరు తప్ప. పొద్దున నాలుగింటికి లేచి రాత్రి పదికి గ్లాసులు కడిగే మనిషికి ఎడమ పేజీలో చోటుండాలి. నెలకు 15,000 అనుకుంటే గుంత 40,000 అవుతుంది, 8,000 టీలు కావాలి, రోజుకు 267. నేను రెండు అంకెలూ రాసుకోమంటాను. 167 దగ్గర అంగడి బతుకుతుంది, 267 దగ్గర ఇల్లు గడుస్తుంది. ఇంట్లోవాళ్లు వచ్చి పాలు కాస్తే వాళ్ల కూలీ అక్కడే. అప్పు కంతులో వడ్డీ భాగాన్ని ఎడమ పేజీలో రాయండి. కంతులో అప్పు అసలు తీరే భాగానికి ఇంకో పాఠం కావాలి, ఇప్పుడు కలపొద్దు.

ఇంకోటి మన ఊరికి ప్రత్యేకం. తిరుపతిలో నెల లెక్క నమ్మి బాడుగ ఒప్పుకోవద్దు. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు, వైకుంఠ ఏకాదశి, ఎండాకాలం సెలవులు వేరు, మిగతా రోజులు వేరు. అధికమాసం వచ్చిన ఏడు రెండు బ్రహ్మోత్సవాలు. 2023లో సెప్టెంబరులో ఒకటి, అక్టోబరులో ఒకటి జరిగాయి. ఆ రెండు నెలల అమ్మకం చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తే తర్వాత ఏడాది చెమటలు పడతాయి. ఏడాది కదలని ఖర్చు తీసుకుని, ఏడాది టీల లెక్క వేసి, అప్పుడు రోజుకు దించండి. నేను యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ అంగడి పెట్టినప్పుడు పరీక్షల నెల చూసి రెండో మెషీన్ కొన్నాను. సెలవుల్లో రెండింటికీ దుమ్ము తుడిచేవాణ్ని, కంతు మాత్రం సెలవు తీసుకోలేదు.

ఇప్పుడు టిఫిన్ హోటల్. ఇడ్లీ, కారం దోసె, వడ, పూరి అన్నీ ఉన్నచోట ‘ఎన్ని’ అని అడగలేం, ‘ఎంత అమ్మకం’ అని అడగాలి. నెల అమ్మకం 1,50,000, సరుకూ గ్యాసూ కలిపి 90,000 అనుకోండి. మిగులు 60,000, అంటే అమ్మిన రూపాయిలో 40 పైసలు. కదలని ఖర్చు 48,000 అయితే దాన్ని 40 పైసలతో భాగించండి. 1,20,000 అమ్మాలి, రోజుకు 4,000. ఆ 40 పైసలు అమ్మకం మీద లెక్క, సరుకు మీద కాదు. దోసె ఎక్కువ పోయిన నెలా, ఇడ్లీ ఎక్కువ పోయిన నెలా ఇది మారుతుంది. మూడు నెలలకోసారి కొత్తగా వేసుకోండి.

అభ్యాసం. ప్రకాశం పార్కు దగ్గర సాయంత్రాలు బొరుగుల బండి. ప్లేటు 30 రూపాయలు. బొరుగులు, ఉల్లిపాయలు, టమోటా, చెనిగ్గింజలు, పేపరు ప్లేటు కలిపి 14. బండి బాడుగ నెలకు 3,000, సాయానికి పిల్లాడికి 9,000, లైటు బ్యాటరీకి 600. వానలు, ఇంటి పనులు పోగా బండి కదిలేది 25 రోజులు.

మొదటిది, రోజుకు ఎన్ని ప్లేట్లు? రెండోది, ప్లేటు 35 చేస్తే నెలకు ఎన్ని ప్లేట్లదాకా గిరాకీ తగ్గినా నష్టం రాదు? మూడోది, బండివాడి కూలి 10,500 కలిపి ఆ రెండు జవాబులూ మళ్లీ వేయండి. నాలుగోది కూర్చుని చేసేది కాదు. మీ వీధిలో ఒక బండి ఎంచుకుని, ఏడు సాయంత్రాలు ఎదురుగా నిలబడి ప్లేట్లు లెక్కపెట్టండి. ఖర్చులు అడగొద్దు, మీరే అంచనా కట్టండి. ఎనిమిదో రోజు ఒక ప్లేటు కొనుక్కుని, మీ అంకె ఆయనకు చెప్పి, ఆయన ఏమన్నాడో రాసి పంపండి. ప్లేటు మీద బాడుగ వేసిన కాగితాలు మాత్రం దిద్దకుండా వెనక్కి పంపుతాను.