ఆర్వీతో వైల్డ్‌లైఫ్ రిఫ్యూజ్‌కి వలంటీరుగా వెళ్లాలంటే

రిటైరయ్యాక ఆర్వీ (వంట, పడక, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే ఇంటిలాంటి బండి) కొని అమెరికా అంతా తిరిగే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నన్నడిగితే, రోజుకో ఊరు తిరగడం కన్నా ఒకచోట మూడు నెలలు ఆగి పని చెయ్యడంలో ఎక్కువ సంతోషం ఉంది. దేశంలో నేషనల్ వైల్డ్‌లైఫ్ రిఫ్యూజ్‌లు, అంటే వన్యప్రాణుల కోసం ప్రభుత్వం కాపాడే ప్రాంతాలు, 560కి పైగా ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల వలంటీర్లకు ఆర్వీ నిలుపుకునే స్థలం, కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షను ఉచితంగా ఇస్తారు. అందుకు బదులు వారానికి ఇన్ని గంటలని పని చెయ్యాలి. జీతం ఉండదు. మావారూ నేనూ చలికాలంలో చేసేది న్యూమెక్సికో రాష్ట్రంలోని బోస్కే డెల్ అపాచే అనే రిఫ్యూజ్‌లో. అందుకే ఎక్కువగా అక్కడి సంగతులే చెబుతాను.

ముందు పని ఎంచుకోండి, తర్వాతే చోటు. అద్దె మిగులుతుందని మాత్రమే వెళ్తే రెండో వారానికే విసుగొస్తుంది. విజిటర్ సెంటర్‌లో కౌంటరు, కాలిబాటల బాగు, సాల్ట్ సీడర్ లాంటి పరాయి పొదలు కొట్టెయ్యడం, పక్షుల లెక్క, ట్రాక్టరు పని... ఒక్కోచోట ఒక్కో అవసరం. ఖాళీలు వలంటీర్ డాట్ గవ్ సైట్‌లో దొరుకుతాయి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చలికాలానికి పోటీ ఎక్కువ, వీలైతే ఏడాది ముందే రాయండి. వీసా మీద ఉన్నవాళ్లు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కూడా పని చేయించాలనుకునేవాళ్లు, కుదురుతుందో లేదో ముందే ఆ రిఫ్యూజ్‌లో వలంటీర్లను చూసుకునే కోఆర్డినేటర్‌ని అడగాలి.

కోఆర్డినేటర్‌తో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మొహమాటపడకండి. చెప్పిన గంటలు మనిషికా, ఇద్దరికీ కలిపా? మనిషికి వారానికి 24 గంటలంటే మూడు రోజుల పని, 32 అంటే నాలుగు రోజులు. కరెంటు 30 ఆంప్సా, 50 ఆంప్సా? ప్రొపేన్ గ్యాసు ఎవరు కొనాలి? బట్టలుతికే మిషను ఉందా? సెల్ సిగ్నల్ వస్తుందా? కుక్కను తెచ్చుకోవచ్చా? ఒప్పుకున్నవి ఈమెయిల్‌లో రాయించుకోండి.

బోస్కే దాదాపు 4,500 అడుగుల ఎత్తులో ఉంది. పగలు ఎండ హాయిగా ఉన్నా రాత్రి నీళ్లు గడ్డకడతాయి. కరెంటుతో వేడెక్కే నీళ్ల హోసు కొనండి. లేదంటే సాయంత్రమే హోసు విప్పేసి, ట్యాంకులో నింపుకున్న నీళ్లు పంపుతో వాడుకోండి. మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు ఎప్పుడూ తెరిచి ఉంచకండి. నీళ్లు వెళ్లిపోయి మలం అడుగున గడ్డకట్టుకుపోతుంది. మూడింట రెండు వంతులు నిండాక ముందు దాన్ని వదలండి, ఆ వెనక స్నానాల నీళ్ల ట్యాంకు వదిలితే గొట్టం దానంతటదే కడుక్కుపోతుంది.

ఇక వంట. 30 ఆంప్స్ అంటే మొత్తం 3,600 వాట్లు. రూమ్ హీటరే 1,500 తింటుంది. హీటరు, మైక్రోవేవు, గ్రైండరు ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది. పిండి రుబ్బేటప్పుడు హీటరు ఆపెయ్యండి. పోపు పెట్టేటప్పుడు పైన ఫ్యాను వేసి కిటికీ తియ్యకపోతే స్మోక్ అలారం కూస్తుంది. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు అల్బుకర్కీలోనే తెచ్చుకోండి. అది ఇక్కడికి గంటన్నర దూరం.

నాది కౌంటరు పని. వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: కొంగలు ఎప్పుడు లేస్తాయి? శాండ్‌హిల్ క్రేన్లు రాత్రంతా లోతులేని నీళ్లలో నిలబడే నిద్రపోతాయి, కొయొటీ (తోడేలు లాంటి జంతువు) వస్తే నీళ్ల చప్పుడుకి తెలిసిపోతుందని. తెల్లారాక మెడలు చూడమని చెబుతాను. నాలుగైదు పక్షులు ఒకే దిక్కుకి మెడలు చాచి ముందుకి వాలాయంటే ఇక ఎగరబోతున్నట్టే. ఈ గుర్తు పట్టుకున్న పిల్లలు కెమెరాల వాళ్లకన్నా ముందే అరుస్తారు.

ఆ పక్షుల వెనక ఎంత సేద్యం ఉందో కూడా చెప్పాలి. ఆనకట్టలొచ్చాక రియో గ్రాండే నది పాతరోజుల్లోలా పొంగి పొలాల మీదికి రావడం లేదు. అందుకే కాలువలు, తూములతో చెరువులకు నీళ్లు పెడతారు. మొక్కజొన్న వేసి పక్షుల కోసమే పడగొడతారు. మా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో కొంగలొస్తే ఊరికి మంచిదని జనమే కాపాడుకుంటారు. అది చూసి పెరిగినదాన్ని కాబట్టి, ఇక్కడ తూము తిప్పే మనిషిని చూస్తే నాకు మన రైతే గుర్తొస్తాడు.

జబ్బుగా ఉన్న పక్షినిగానీ, చచ్చిన పక్షినిగానీ ముట్టుకోకండి, సిబ్బందికి చెప్పండి. బర్డ్ ఫ్లూ భయం ఉంది. చేసిన గంటలు ఏ రోజుకారోజు రాయించుకోండి. 250 గంటలు నిండితే దేశంలోని ఫెడరల్ పార్కులకు ఏడాదిపాటు ప్రవేశ రుసుము లేకుండా వెళ్లే పాసు ఇస్తారు. వేర్వేరు రిఫ్యూజ్‌లలో చేసినవి కలుపుకోవచ్చు, కాబట్టి వెళ్లేటప్పుడు ఆ లెక్క కాగితం చేతిలో పెట్టుకునే బయల్దేరండి.